బ్రేకు ఆయిలు నూనె కాదు

మోటారు బండి బ్రేకులను గూర్చిన ప్రసంగమనగానే ఇది బండి గలవారి గొడవ యని రేడియో కట్టివేయవలదని ముందుగా మనవి చేయుచున్నాను. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11 నాడు అనేక జిల్లాలుగా విడిపోయినవి గాని, ఊరివారి మాటలో ఆ పాత పేర్లే ఇంకను చెల్లుచున్నవి. ఆ రెండు పాత జిల్లాలలో ఏ పల్లెకు పోయినను పికప్పు బండి యొకటి కానవచ్చును. పత్తి మార్కెట్టుకు పోవలెనన్నను, సంతకు కూరగాయలు చేరవలెనన్నను, పెండ్లివారి సామాను కదలవలెనన్నను అదే దిక్కు. సరకుల బండిలో మనుషులను ఎక్కింపరాదని చట్టమున్నను, జాతర దినములలో అదే బండి వెనుక పిల్లాపాపలతో ఇంటిల్లిపాదియు కూర్చుండి పోవుట మనము చూడనిది కాదు. ఆ బండి ఆగుట, ఆగకపోవుట అనునది డ్రైవరొక్కని వ్యవహారము ఎట్లగును?

వీనిలో కొత్తవి తక్కువ. పది పదునైదేండ్లు దాటి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, రంగు వెలిసి, ఇంజను మాత్రము ఓపికతో లాగుచుండునవి ఎక్కువ. నా మేనల్లుని బండియు అట్టిదే. పదునేడేండ్ల నాటిది. ఒక కార్తీక మాసమున నేను జైనూరు వైపు పని మీద పోయి, తిరుగు దారిలో అతని బండి ముందు సీటులో కూర్చుంటిని. వెనుక పత్తి నిండుగా నున్నది. ఆ మెట్టభూముల నుండి ఆసిఫాబాదుకు పోవు త్రోవ కెరమెరి ఘాటు మీదుగా దిగును. మూడు దినముల క్రిందటనే అతడు నాలుగు చక్రములకును కొత్త లైనర్లు వేయించియుండెను. ఆ ధైర్యముతో, డీజిలు ఆదా అగునని గేరు తీసి బండిని న్యూట్రలులో దిగవిడిచినాడు. మొదటి మలుపులు సాఫీగానే గడచినవి. పిమ్మటి మలుపున అతడు బ్రేకు తొక్కగా పెడలు దూది దిండుపై కాలు పెట్టినట్లు మెత్తగా క్రిందికి దిగిపోయినది. "మామా, బ్రేకు పడ్తలేదు" అన్నాడు. నేనేమియు అనలేదు. అనుటకు నోరు రాలేదు.

కుర్రవాడు తెలివి గలవాడు. పెడలును వెంటవెంటనే నాలుగైదు మారులు తొక్కి, రెండవ గేరు బలవంతముగా వేసి, చేతి బ్రేకు లాగి, బండిని కొండవైపు మట్టి గట్టుకు రాచి నిలిపినాడు. లోయ రెండవ ప్రక్కన నున్నది. అరగంటసేపు చెట్టు క్రింద కూర్చుంటిమి. చక్రముల నుండి కాలిన వాసన వచ్చుచుండెను. ఆ పిమ్మట అతడు బండియెక్కి పెడలు తొక్కి చూచి, "మామా, మంచిగనే ఉన్నది గదా! రాయి లెక్క గట్టిగైంది" అనెను. నేనును తొక్కి చూచితిని. నిజమే. ఘాటులో పెడలు దిగిపోయినప్పటి కంటె ఈ మాట విన్నప్పుడే నాకెక్కువ భయము కలిగినది. విరిగిన వస్తువు విరిగినట్లే యుండిన మనిషి దానిని బాగుచేయించుకొనును. తనంతట తాను బాగుపడినదానిని ఎవడు బాగుచేయించును? మరునాడు మరల అదే దారిన పోవును.

ఈ ప్రాంతమువారికి ఘాటు దిగు బండి యనిన వెంటనే కొండగట్టు జ్ఞప్తికి వచ్చును. 2018 సెప్టెంబరు 11 నాడు కొండ దిగుచున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా అసువులు బాసిరి. ఆ బస్సులో జనము పరిమితికి మించి యుండిరి. పెద్ద బస్సుల బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేయునవి గనుక నేను చెప్పబోవు ద్రవము సంగతి వానికి చెందదు. ఆ ఘోరమునకు కారణమిది యని తీర్పు చెప్పుటయు నా పని కాదు. దిగుడు దారియు అధిక భారమును ఒకచోట కూడినప్పుడు బ్రేకుల మీద పడు పని యెట్టిదో తలచుకొందమని మాత్రమే ఆ మాట ఎత్తితిని.

ఆ పని ఎంత యన, చిన్న లెక్కతో చెప్పవచ్చును. బండియు సరకును కలిసి 2,500 కిలోలున్నవనుకొందము. అది 100 మీటర్ల ఎత్తు నుండి ఒకే వేగముతో క్రిందికి దిగినది. ఆ దిగుటలో పుట్టు శక్తియంతయు బ్రేకులే మ్రింగవలసి వచ్చినచో, సుమారు 8 లీటర్ల మామూలు నీటిని పొయ్యి మీద పెట్టి తెర్లించుటకు కావలసినంత వేడి పుట్టును. గేరులో నున్న ఇంజను కొంత పంచుకొనును. న్యూట్రలులో వదలిన బండికి ఆ సాయము లేదు. ఆ వేడియంతయు నాలుగు డ్రమ్ములలోనికి, అందులోని లైనర్లలోనికి, వాని ప్రక్కనే యున్న చిన్న సిలిండర్లలోనికి, ఆ సిలిండర్లలోని ద్రవములోనికి ప్రాకును.

ఆ ద్రవము అచట ఎందుకున్నదో తెలిసికొనుట కష్టము కాదు. మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కిన ఆ ఒత్తిడి అన్ని ప్రక్కలకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడైన పాస్కల్ చెప్పెను. అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ అనునతడు, విమానములకు పేరుపొందిన ఆ కుటుంబమువాడే, ఈ సూత్రమును మోటారు బ్రేకులకు పట్టించెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ అను కారునకు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులు అమర్చిరి. కాలితో పెడలు తొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము గొట్టముల గుండ నాలుగు చక్రముల వద్దకు ఒత్తిడిని మోసికొనిపోవును. ద్రవము నలుగదు. అందుచేతనే అది పనికివచ్చినది. కాని ఆ ద్రవములో ఏ కొంచెము ఆవిరియైనను, గాలియైనను చేరినచో, అది నలుగును. కాలు తొక్కిన ఒత్తిడి ఆ ఆవిరిని నలుపుటకే సరిపోవును, చక్రము వరకు చేరదు. మా పెడలు దూది దిండైన రహస్యమిదియే. అరగంటకు సిలిండర్లు చల్లారినవి, ఆవిరి మరల ద్రవమైనది, పెడలు మరల రాయియైనది.

ఇక్కడ ఒక గుర్తు చెప్పుట మంచిది. పెడలు గట్టిగానే యుండి, ఎంత తొక్కినను బండి ఆగకున్నచో కాగినది లైనరు. పెడలు మెత్తబడి క్రిందికి పోయినచో కాగినది ద్రవము. నిలిచియున్న బండిలో పెడలును ఒకే బలముతో నొక్కి పట్టగా అది మెల్లమెల్లగా దిగిపోవుచున్నచో మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పు అరిగి ఒత్తిడిని నిలుపలేకున్నదని అర్థము. ఈ మూడింటికిని చికిత్సలు వేరు. మన వారు మూడింటికిని "లైనర్లు పోయినయి" అను ఒకే మాట వాడుదురు, లైనర్లే మార్పింతురు. నా మేనల్లుడు చేసినదియు అదే.

మొదటి గేరులో ప్రాకుచు సాయంకాలమునకు ఆసిఫాబాదు చేరి, పాత బండ్లు బాగుచేయు ఒక ఉస్తాదు షెడ్డునకు పోతిమి. అరువదేండ్లు పైబడినవాడు. మేము చెప్పినదంతయు విని చక్రముల జోలికి పోక, బానెట్టు లేపి బ్రేకు ఆయిలు డబ్బా మూత త్రిప్పినాడు. లోపల నున్నది కషాయము వలె నల్లగా నున్నది. "ఇది ఎప్పుడు మార్చినవ్ బేటా?" అని అడిగినాడు. మేనల్లుడు, "తక్కువైనప్పుడల్లా పోస్తనే ఉన్న ఉస్తాద్" అన్నాడు. "పోసుడు గాదు, మార్చుడు" అని ఉస్తాదు. మేనల్లుడు నా వైపు చూచినాడు. మార్చుట యను పని యొకటి కలదని అతడెన్నడును వినలేదు. ఎంత మంది వినియుందురు?

తప్పు అతనిది మాత్రమే కాదు, కొంత పేరుది కూడ. మనము దానిని బ్రేకు ఆయిలు అందుము. ఆయిలు అనగానే ఇంజను ఆయిలు, గేరు ఆయిలు వరుసలో ఇదియు ఒక నూనె అని తోచును. నూనె నీటిని దగ్గరకు రానీయదు గదా! నిజమునకు నేడు అంగడిలో దొరకు సాధారణమైన బ్రేకు ద్రవము నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనములతో చేసినది. నీటితో సులభముగా కలియును. కలియుటయే కాదు, గాలిలోని చెమ్మను తనంతట తాను పీల్చుకొనును. ఇండ్లలోనివారికి దీనిని వివరింప నక్కరలేదు. ఆషాఢ శ్రావణములలో ఉప్పు జాడీ మూత తీసియుంచిన ఏమగునో, బెల్లపు దిమ్మ ఎట్లు చెమ్మగిల్లునో వారికి తెలియును. బ్రేకు ద్రవమునకును అదే స్వభావము. డబ్బా మూతలోని సన్నని రంధ్రము గుండను, రబ్బరు గొట్టముల గోడల గుండను సంవత్సరముల తరబడి చెమ్మ లోపలికి చేరును. వానలు మెండుగా కురియు ఆదిలాబాదు అడవి ప్రాంతమున ఇది ఇంకను త్వరగా జరుగును.

ఒకప్పుడు మాత్రము ఆ పేరు తప్పు కాదు. తొలినాటి బ్రేకులలో పోసిన ద్రవము ఆముదమును సారాయి జాతి ద్రవమును కలిపి చేసినది. మహబూబ్‌నగరు, నల్లగొండ చెలకలలో పండు ఆముదపు గింజ నుండి తీయునట్టి ఆముదమే! అది అప్పటి సహజ రబ్బరును చెడగొట్టదు, సిలిండరులో జిడ్డుగా జారును. బండ్ల వేగము, బరువు పెరిగి బ్రేకులు ఎక్కువ కాగుట మొదలైన పిమ్మట అది నిలువలేక గ్లైకాల్ ద్రవములకు చోటిచ్చినది. ఆముదము పోయినది, ఆయిలు అను పేరు మిగిలినది.

నీరు చేరిన ద్రవమునకు వచ్చు కీడు రెండు విధములు. గొట్టములు, సిలిండర్లు లోపల తుప్పు పట్టును. ఆ గరుకు మీద రబ్బరు కప్పులు చిరుగును. అది మెల్లని కీడు. రెండవది ఘాటులో మాకు కనబడినది. కొత్త ద్రవము ఎంతో వేడికి గాని తెర్లదు. నీరు చేరిన కొలదిని తక్కువ వేడికే తెర్లును. దీనిని కొలుచుటకు అమెరికా రవాణా శాఖవారు కొన్ని తరగతులు ఏర్పరచిరి. ఆ శాఖ పేరులోని మూడక్షరములే సీసాల మీద డాట్ అని కానవచ్చును. డాట్ 3 తరగతి ద్రవము కొత్తగా నున్నప్పుడు కనీసము 205 సెంటిగ్రేడు డిగ్రీల వరకు తెర్లరాదు. నూటికి సుమారు 3.7 పాళ్ళ నీరు చేరిన పిమ్మట 140 డిగ్రీల వరకు నిలిచిన చాలును. డాట్ 4 కొత్తది 230, నీరు చేరినది 155. డాట్ 5.1 కొత్తది 260, నీరు చేరినది 180. మన దేశమున ఐ.ఎస్. 8654 అను ప్రమాణము కలదు. కొనునపుడు సీసా మీద ఈ గుర్తులు వెదకవలెను. చూచితిరా, నూటికి నాలుగు పాళ్ళయినను నిండని నీరు, తెర్లు వేడిని 65, 75 డిగ్రీలు దించివేయుచున్నది. రామగుండము ఎండకు బ్రేకు ఆయిలు తెర్లునని కొందరందురు. అది సరికాదు. 45 డిగ్రీల ఎండ దీనికొక లెక్క కాదు. డ్రమ్ములోని వేడి వేరు, దాని సంగతి వేరు.

ఇక ఏది కొనవలెను? బండి డబ్బా మూత మీద ఏ తరగతి చెక్కియున్నదో ముందుగా చూడవలెను, అదియు అరిగిపోయినచో యజమాని పుస్తకము చూడవలెను. డాట్ 3 అని యున్న బండిలో డాట్ 4 పోయవచ్చును, రెండును ఒకే జాతివి. డాట్ 4 అని యున్నచోట చౌక యని డాట్ 3 పోయుట మాత్రము కూడదు. ఘాటు దారులలో బరువు మోయు పాత పికప్పునకు డాట్ 4 మేలని నా అభిప్రాయము. అయితే దానిని పోసి ఐదేండ్లు మరచిపోయినచో ఆ మేలు మిగులదు. తయారీదారు చెప్పిన గడువు పాటింపవలెను. గడువు తెలియనివారు రెండేండ్లకొకసారి మార్చుకొనిన చాలును. మా వంటి అడవి దారుల వారు వానకాలము వెళ్ళిన పిమ్మట, పత్తి బరువులు ఎత్తక ముందే ఆ పని చేసికొనుట మంచిది.

ఒక చిక్కు కలదు. డాట్ 5 అని వేరొకటి యున్నది. 5.1 కును 5 కును పేరులో ఒక చుక్క తేడా, జాతిలో కొండంత తేడా. డాట్ 5 సిలికోనుతో చేసినది, సాధారణముగా ఊదారంగున నుండును. అది నీటిని పీల్చదు. కాని పీల్చకుండుట చేతనే లోపలికి చేరిన నీరు విడిగా పల్లమున నిలిచి, అచట తుప్పు పట్టించును, 100 డిగ్రీలకే తెర్లును. గ్లైకాల్ ద్రవముతో దానిని కలుపరాదు. సంఖ్య పెద్దది గనుక గొప్పది యనుకొని కొనవలదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది నూనె పోయుట. ఉస్తాదు షెడ్డులో ఒక బిస్కత్తుల డబ్బా కలదు. అందులో ఆయన పాత రబ్బరు కప్పులు దాచియుంచినాడు. గిరాకీలకు చూపుటకట! ఒక కొత్త కప్పును, ఒక పాత కప్పును నా అరచేతిలో పెట్టినాడు. రెండును ఒకే సిలిండరువే. పాతది నానిన శనగగింజ వలె ఉబ్బి, మెత్తబడి, అంచులు వంకరపోయి యున్నది. ఎవరో దారిలో బ్రేకు ఆయిలు దొరకక చారెడు ఇంజను ఆయిలు పోసినారట. భూమి నుండి తీసిన నూనెలు, అనగా ఇంజను ఆయిలు, డీజిలు, పెట్రోలు, కిరసనాయిలు, ఈ రబ్బరును ఉబ్బించును. ఉబ్బిన కప్పు వెనుకకు రాదు. బ్రేకు పట్టి విడువదు. విడువని బ్రేకు కాగును. కాగినది మరల ద్రవమును తెర్లించును. చారెడు నూనెతో బ్రేకులలోని రబ్బరంతయు, మాస్టరు సిలిండరు నుండి చక్రముల వరకు, హోసు పైపులతో సహా మార్చవలసి వచ్చును. "దాంట్ల నీళ్ళు పోసి నడిపిచ్చినా ఊరు చేరుతడేమో గని, నూనె పోస్తే బండి నాశనమే సాబ్" అన్నాడు ఉస్తాదు. నీళ్ళు పోయుడని ఆయన భావము కాదు, నేనును చెప్పుట లేదు.

ఇంకొక అలవాటు మన షెడ్లలో కలదు. విప్పిన ప్రతి సామానును డీజిలుతోనో పెట్రోలుతోనో కడుగుదురు. ఇంజను సామానుకు అది తగును. బ్రేకు సిలిండర్లను, కప్పులను మాత్రము స్పిరిటుతోనో, శుభ్రమైన బ్రేకు ద్రవముతోనో కడుగవలెను. పని చేయించుకొనువాడు ప్రక్కన నిలిచి ఈ యొక్క సంగతి కనిపెట్టియున్నను చాలును.

మరునాడు ఉదయము పని మొదలైనది. ఉస్తాదు బండి చక్రముల వెనుక రాళ్ళు పెట్టించి, జాకీ మీదనే నమ్మక ముందు ఇరుసు క్రింద దుంగలు పేర్చించినాడు. డ్రమ్ములు ఊడదీసినప్పుడు లోపలి బూడిదను నోటితో ఊదబోయిన కుర్రవాని చేయి పట్టి ఆపినాడు. పాత లైనర్లలో రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, ఉండుట సాధారణము; ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేరిన ఎన్నో ఏండ్లకు ప్రాణాంతకమైన వ్యాధులు కలుగును. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయవలెను. పూర్వము ఎవరికిని ఈ భయము తెలియదు. గాలి పైపుతో ఊదుచు జీవితములు గడిపినవారు కలరు.

మూడు దినముల నాటి లైనర్లు చూచి ఆయన తల ఊపినాడు. లైనర్లు మంచివే. వానిని డ్రమ్ములకు మిక్కిలి దగ్గరగా బిగించియుండిరి. చక్రమును చేతితో త్రిప్పిన పట్టిపట్టి తిరుగుచున్నది. అట్లు రాచుకొనుచునే మేము ఎన్నో మైళ్ళు వచ్చితిమి. ఘాటు తలకు చేరునప్పటికే బ్రేకులు సగము కాగియున్నవి. ఎడమ ప్రక్క వెనుక చక్రమున మరియొక లోపము కనబడినది. ఇరుసు సీలు కారి గేరు ఆయిలు లైనరు మీదికి వచ్చినది. నూనె త్రాగిన లైనరును ఎండబెట్టినను, కాల్చినను మరల నమ్మరాదు. ఒక ప్రక్క మార్చినచో రెండవ ప్రక్కయు మార్చవలెను. లేకున్న బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగును. డ్రము లోపలి వ్యాసము ఎంతవరకు అరుగవచ్చునో దాని మీదనే అచ్చువేసి యుండును. దానిని కొలువక లేతు మిషను మీద మరల మరల చెక్కించుట వలన డ్రము పలుచనై ఇంకను త్వరగా కాగును.

అప్పుడు ఉస్తాదు వెనుక కమాను కట్ట వైపు చూచి, "ఈ ఎక్స్‌ట్రా పట్టీ ఎవరు ఏసిన్రు?" అని అడిగినాడు. "లోడు ఎక్కువైతున్నదని నేనే ఏయించిన ఉస్తాద్" అని మేనల్లుడు. చాల పికప్పులలో వెనుక ఇరుసునకును చట్రమునకును నడుమ ఒక కమ్మీ, దానికి తగిలించిన ఒక వాల్వు ఉండును. బరువు ఎక్కిన కొలది చట్రము క్రిందికి దిగును. దానిని బట్టి ఆ వాల్వు వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపును. అదనపు పట్టీ వేసి చట్రమును ఎత్తిపట్టినప్పుడు, బరువు నిండుగా నున్నను బండి ఖాళీగా నున్నదని వాల్వు భ్రమపడును. వెనుక బ్రేకులు తమ పని తగ్గించుకొనును, ముందు బ్రేకులు తమ పనికి మించి చేసి కాగును. బరువు మోయుటకు వేసిన పట్టీ, ఆ బరువును ఆపు శక్తిని తీసివేసినది. ఈ సంగతి నాకును అప్పుడే తెలిసినది, దాచుకొననేల? పట్టీ తీయించితిమి. బరువు తగ్గించుకొందునని మేనల్లుడు మాట ఇచ్చినాడు, నిలుపుకొనుచున్నాడని విందును.

చివరకు ద్రవము మార్చుట, గాలి తీయుట. ఉస్తాదు ముందు డబ్బాలోని కషాయమును పిచికారీతో లాగివేసి, అడుగున పేరుకొనిన మడ్డిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, కొత్త ద్రవము నింపినాడు. మాస్టరు సిలిండరునకు అన్నిటికంటె దూరమున నున్న చక్రముతో మొదలు పెట్టవలెను. మన దేశపు బండ్లకు స్టీరింగు కుడి ప్రక్క గనుక సాధారణముగా అది ఎడమ వెనుక చక్రము. పిమ్మట కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు. చక్రము వెనుక నున్న నిప్పిలునకు సన్నని గొట్టము తగిలించి, రెండవ కొనను కొంచెము బ్రేకు ద్రవమున్న గాజు సీసాలో ముంచినాడు. మేనల్లుడు సీటులో, ఉస్తాదు బండి క్రింద. "తొక్కు!" "తొక్కిన!" "పట్టు!" "పట్టిన!" అప్పుడు నిప్పిలు వదులు చేయగా నల్లని ద్రవము బుడగలతో సీసాలోనికి వచ్చును. నిప్పిలు బిగించిన పిమ్మట గాని "వదులు" అను మాట రాదు. ఆ వరుస తప్పి ముందే పెడలు వదలినచో గాలి లోపలికి పోవును, చేసినదంతయు మొదటికి వచ్చును. పెడలు క్రింద ఆయన ఒక చిన్న చెక్కముక్క పెట్టించినాడు. ఎందుకనగా, పాత మాస్టరు సిలిండరులో కప్పు రోజును తిరుగు మేర నునుపుగా నుండును, దానికి ఆవల తుప్పు గరుకు ఉండును. పెడలును నేల వరకు తొక్కినచో కప్పు ఆ గరుకు మీదికి పోయి చిరుగును. నాలుగు చక్రముల వద్దను బుడగలు నిలిచి, ద్రవము తేనె వన్నెకు తేరువరకు తీసినాడు. నడుమ నడుమ డబ్బా ఖాళీ కాకుండ నింపుచుండవలెను. ఇంచుమించు లీటరు పట్టినది. వెనుక వాల్వు గల బండికి ఈ పని వెనుక చక్రములు నేల మీద నుండగా, వెనుక కొంత బరువుండగా చేయుట మంచిదని ఆయన చెప్పినాడు.

సీసాలోనికి దిగిన పాత ద్రవమును వడకట్టి మరల పోయు షెడ్లు కూడ కలవు. దానిలోని నీరు గుడ్డకు చిక్కదు.

బండి నడపువారికి నేను చెప్పదగినది కొంచెమే. ఘాటు ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగవలెను. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచక, గట్టిగా తొక్కి వేగము తగ్గించి వదలవలెను. ఇంజను కట్టి దిగుట డీజిలు పొదుపు కాదు, మృత్యువుతో చెలగాటము. చాల పికప్పులలో కాలి బలమును పెంచు బూస్టరునకు శక్తి ఇంజను తిరుగుట వలననే కలుగుచున్నది. ఇంజను ఆగిన పిమ్మట రెండు మూడు మారులు తొక్కునంతలో ఆ నిలువ తీరిపోవును, పెడలు రాతిబండ వలె బిగుసుకొనును.

ఇంటిలోనివారికి సంబంధించిన మాట యొకటి మిగిలినది. పని ముగిసినప్పుడు కొత్త ద్రవము సగము సీసా మిగిలినది. మేనల్లుడు దానిని ఖాళీ శీతలపానీయపు సీసాలో పోసికొని ఇంటికి కొనిపోవుదునన్నాడు. ఉస్తాదు సీసాను చటుక్కున లాగికొనినాడు. ఆ ద్రవము విషము. రంగు చూచి పిల్లలు షర్బతు అనుకొందురు. వాకిట పారబోసినచో కుక్కలు, కోళ్ళు, పశువులు నాకును. బండి రంగు మీద చుక్క పడిన రంగు లేచిపోవును. వెంటనే నీళ్ళతో కడుగవలెను. పైగా మూత తీసిన సీసా దినదినమును చెమ్మ త్రాగుచునే యుండును గనుక, వచ్చే ఏటికి దాచుకొనిన ద్రవము కొత్తది కాదు. కావలసినంతకే చిన్న సీసాలు కొని, మూత బిగువుగా నున్నవే తెరువవలెను.

మేనల్లుడు ఇంకను ఆ సగము సీసా ధర లెక్కించుకొనుచుండగా, ఉస్తాదు బానెట్టు లోపలి వైపున రంగు కుంచెతో ఆనాటి తేదీని, దాని క్రింద డాట్ 4 అనియు పెద్ద అక్షరములతో వ్రాసినాడు. "రెండేండ్లకు నువ్వు మర్చిపోతవ్ బేటా. ఇది మర్చిపోదు" అని బానెట్టు దింపినాడు.